మట్ట కింద గూడు

మా అన్నయ్య మనవరాలు హైదరాబాద్‌లో అనువాదాల పని చేస్తోంది. మొత్తం తనే రాయనక్కర్లేదట. యంత్రం తెలుగు చేసి ఇచ్చినదాన్ని దిద్దితే చాలట. మొన్న దసరాకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "చిన్నతాతయ్యా, పామ్ అంటే తెలుగులో ఏం రాయాలి?" అని అడిగింది.

"ఎక్కడి పామ్ అమ్మా?" అన్నాను.

"ఎక్కడిదైతే ఏముంది, పామ్ పామే కదా!"

ముప్పై నాలుగేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కూర్చుని ఇంగ్లీషు కాపీని తెలుగు చేసినవాణ్ణి. ఆ పిల్ల మాట వినగానే నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కళ్లముందు నిలబడింది. పండక్కి ఉన్న నాలుగు రోజులూ వాకిట్లో కుర్చీలు వేసుకుని ఇద్దరం ఆ మాటల వెంటే తిరిగాం. తను వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద అంకెలు వేసి రాసిచ్చాను. ఆ కాగితాన్నే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను.

1. మాటను పట్టుకునే ముందు దాని ఇరుగుపొరుగును పలకరించండి.

1974. అప్పట్లో వార్తలు టెలిప్రింటర్ మీద వచ్చేవి. చుట్టలు చుట్టలుగా కాగితం దిగుతుంటే చించుకుని తెచ్చి బల్లమీద పరుచుకునేవాళ్లం. కాపీ అంతా క్యాపిటల్ అక్షరాల్లోనే ఉండేది. ఏది మనిషి పేరో, ఏది ఊరి పేరో, ఏది మామూలు మాటో అక్షరాన్ని చూసి చెప్పడానికి లేదు.

ఒక రాత్రి పక్షుల మీద చిన్న వ్యాసం వచ్చింది. లోపలి పేజీలో మూల ఖాళీగా ఉంది, నింపమన్నారు. అందులో 'పామ్ స్విఫ్ట్' అనే మాట ఉంది. పామ్ అంటే అరచెయ్యి, స్విఫ్ట్ అంటే వేగం, అంతవరకు నాకు తెలుసు. 'అరచేతంత ఉండే వడిగల పిట్ట' అని రాసి ముందుకు పోయాను. రాసినప్పుడు బాగానే ఉందనిపించింది.

మా చీఫ్ సబ్ ఎడిటర్ ప్రూఫు చదువుతూ ఆగారు. నన్ను పిలిచి, ఇంగ్లీషు కాపీలో తర్వాతి వాక్యం మీద పెన్సిలు పెట్టారు. అక్కడ ఆకు ఉంది, ఆకుకు గూడు అతికించుకుంటుందని ఉంది. "ఆకు పక్కన నిలబడ్డ పామ్ అరచెయ్యి ఎలా అవుతుందయ్యా? పక్కింటివాణ్ణి అడిగితే ఈ ఇల్లు ఎవరిదో చెప్పేవాడుగా" అన్నారు. కోప్పడలేదు. పెన్సిలుతో కొట్టేసి 'తాటిచెట్లపై ఉండే పిట్ట' అని రాసి పంపేశారు.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తప్పు రాసినందుకు కాదు. ఆ పిట్ట నాకు తెలుసు. పదేళ్ల వయసులో నా చేతిలో కూర్చుంది. ఇంగ్లీషు పేరు తగిలించుకుని ఎదురొచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. ఆ సంగతి చివర చెబుతాను.

2. ఒక మాటకు రెండు అర్థాలున్నాయంటే, చాలాసార్లు ఆ రెండూ ఒకే ఇంట్లో పుట్టి ఉంటాయి. వీలైతే ఆ ఇల్లు వెతకండి.

పామ్ సంగతే చూద్దాం. లాటిన్‌లో పాల్మా అంటే అరచెయ్యి. ఆకు విచ్చిన వేళ్లలా కనిపించింది కాబట్టి చెట్టుకూ ఆ పేరే వచ్చింది. నమ్మకం కుదరకపోతే తాటాకును చేత్తో పట్టుకుని చూడండి. కొబ్బరాకులో నడుమ ఈనె వంటిది సాగుతుంది, దానికి రెండువైపులా ఆకులు బారుతీరి ఉంటాయి. తాటాకు అలా కాదు. మట్ట కొసన ఒకచోట మొదలై వేళ్లన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. మణికట్టు పట్టుకుని ఎవరిదో చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది.

రోమ్‌లో గెలిచినవాడి చేతికి ఈ జాతి చెట్టు మట్ట ఇచ్చేవారు. అందుకే పామ్ అంటే గెలుపు అనే అర్థమూ వచ్చింది. కాన్ చలనచిత్రోత్సవంలో 1955లో మొదలుపెట్టిన పామ్ డోర్ ఆ మట్టే, బంగారు మట్ట. దాన్ని 'స్వర్ణ హస్తం' అని తెలుగు చేసిన కాపీ ఒకటి నా చేతికొచ్చింది. రాసిన కుర్రాడు తెలివైనవాడు. చెట్టును ఊహించుకోలేదు, అంతే.

ఇది లాటిన్ వాళ్ల వింత అనుకోకండి. సంస్కృతంలో తలం అంటే అరచెయ్యి. కరతలం, కరతలామలకం అంటున్నాం. తాలం అంటే తాడిచెట్టు. ఆ తాలమే చేతులు రెండూ కలిపి కొట్టే చప్పట్లకూ, పాటకు వేసే తాళానికీ పేరు. ఒక్క అచ్చు సాగితే అరచెయ్యి చెట్టయింది, చెట్టు చప్పట్లయింది. మన ఇళ్లల్లో తలుపుకు వేసేదీ తాళమే, భజనలో మోగేవీ తాళాలే. తాటాకు పుస్తకం తాళపత్రం. పూరీలో బలభద్రుడి రథం పేరు తాళధ్వజం. అంటే జెండా మీద తాడిచెట్టు ఉన్నదని. తాళమనగానే తాళంచెవి గుర్తొచ్చేవాడు ఈ పేరు దగ్గర ఎంత తికమక పడతాడో ఆలోచించండి.

ఇక అచ్చ తెలుగుకు వస్తాను. నాకు అన్నింటికంటె ఇష్టమైన మాట ఇది: గీత.

అరచేతిలో ఉండేది గీత. తాడిచెట్టు మీద చేసేదీ గీత. గెల కొసను రోజూ పలచగా చెక్కి కల్లు దింపడాన్ని గీయడం అంటారు, ఆ పని చేసేవాళ్లు గీత కార్మికులు. ఇంగ్లీషు పామ్‌కు ఉన్న రెండు అర్థాలనూ మన ఒక్క మాట తాకి వచ్చింది. ఎవరూ కూర్చుని చేసింది కాదిది. పనిలో పుట్టింది.

మా ఊళ్లో తాళ్లు గీసే మావయ్య అరచెయ్యి నేను దగ్గరగా చూశాను. మోకు ఒరిపిడికి, మట్టల కోతకు వేళ్ల కింద చర్మం కాయలు కాసి పచ్చగా గట్టిపడి ఉండేది. నడుమ భాగం నున్నగా అరిగి, గీతలు ఎక్కడో రెండు చోట్ల మాత్రం సన్నగా కనిపించేవి. ఒకసారి జాతకాలు చెప్పే మనిషి ఊళ్లోకి వచ్చి, ఆయన చెయ్యి తిప్పి తిప్పి చూసి, "నీకు గీత కనపడటం లేదయ్యా" అన్నాడు. మావయ్య తలెత్తి చెరువుగట్టు తాళ్లకేసి చూపించి, "నా గీత అక్కడుంది" అన్నాడు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టాలని నేను చాలాసార్లు కూర్చున్నాను. కుదరలేదు. కుదరని వాక్యాలూ ఉంటాయి, వాటిని అలాగే దాచుకోవాలి.

3. వాళ్ల ఒక్క మాటకు మన దగ్గర ఆరు ఉండొచ్చు. ఆరూ వెతక్కుండా కలం ఎత్తవద్దు.

తాడి, ఈత, కొబ్బరి, పోక, ఖర్జూరం, జీలుగు. ఇంగ్లీషువాడికి ఇవన్నీ పామ్. మనకు ఏ ఒక్కటీ ఇంకోటి కాదు. ఈతకల్లు తాగేవాడు తాటికల్లు రుచి వేరంటాడు, మన్యంలో జీలుగుకల్లు తాగినవాడు ఈ రెండూ పక్కన పెట్టమంటాడు. అన్నింటినీ కలిపి పిలవాల్సిన అవసరం మన పల్లెలో ఎవరికీ రాలేదు కాబట్టి ఆ కలిపే మాట పుట్టలేదు. అది మన భాషకు లోటు కాదు. చెట్టుకింద బతికినవాళ్ల భాష అలాగే ఉంటుంది.

అందువల్లే 'పామాయిల్' అనే మాట వచ్చినప్పుడు 'తాటినూనె' అని రాసినవాళ్లు తప్పులో కాలేశారు. ఆ నూనె పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే చెట్టుది. ఏలూరు జిల్లాలో, ఇప్పుడు ఖమ్మం వైపు కూడా తోటలు తోటలుగా ఉంది. పెదవేగిలో దానికోసమే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ నడుస్తోంది. రైతులు మాత్రం ఏ నిఘంటువునూ అడగలేదు. 'పామాయిల్ తోట', 'పామాయిల్ గెలలు' అనేశారు. నూనె పేరు చెట్టుకు పెట్టేశారు. వ్యాకరణం తెలిసినవాళ్లకు వింతగా ఉంటుందేమోగానీ, ఏ చెట్టు గురించి మాట్లాడుతున్నారో ఎవరికీ సందేహం రాదు. నేను వాళ్ల పక్షమే.

మా మనవరాలి ల్యాప్‌టాప్‌లో ఉన్న పామ్ ఏమిటో ఇప్పుడు చెబుతాను. ఎవరో అమెరికాకు పంపే తినుబండారం పొట్లం మీది రాత. 'పామ్ స్ప్రౌట్స్' అని ఉంది. యంత్రం దాన్ని 'అరచేతి మొలకలు' చేసింది. తను దిద్ది 'పామ్ మొలకలు' చేసింది. పొట్లం బొమ్మ చూపించమన్నాను. చూడగానే నాకు నోట్లో నీళ్లూరాయి.

"అమ్మా, ఇవి తేగలు."

హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల. పేరు విన్నది, తినలేదు. మర్నాడు బజారు నుంచి ఒక కట్ట తెప్పించాను. తాటిపండ్లు తినేశాక టెంకలను మట్టిలో పాతర వేస్తారు. మొలక పైకి రాకుండా లోపలికి దిగుతుంది, బొటనవేలి లావున ఊరుతుంది. తవ్వి తీసి తంపటి వేస్తే, అంటే కుండలో పెట్టి కాలిస్తే, పైతోలు నల్లబడి పొగవాసన పడుతుంది. దాన్ని ఒలిచి, రెండుగా చీల్చి చూపించాను. నడుమ తెల్లగా, సన్నగా, మెత్తగా ఒక రేకు ఉంటుంది. దాన్ని మేం చందమామ అనేవాళ్లం. పిల్లలకు ముందు అదే పెట్టేవారు. తను ఆ చందమామను నాలుక మీద పెట్టుకుని, తర్వాత పీచు నములుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఫైలు తెరిచి ఒక్క మాట మార్చింది: తేగలు.

ఇదే వరసలో ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారాన్ని ఇంగ్లీషులో పామ్ సండే అంటారు. యేసు యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం చేతుల్లో పట్టుకుని ఎదురెళ్లినవి ఖర్జూరపు చెట్ల మట్టలు. మన ఊళ్లలో ఖర్జూరం చెట్టు ఎక్కడుంది? ఉన్న ఈత మట్టో, కొబ్బరి మట్టో పట్టుకుని పిల్లలు ఊరేగింపుగా వెళతారు. దాన్ని మనవాళ్లు 'మట్టల ఆదివారం' అన్నారు. చెట్టు పేరును వదిలేసి చేతిలో ఉన్న మట్టను పట్టుకున్నారు. ఈ పేరు ఎవరు పెట్టారోగానీ వాళ్లకు నమస్కారం. డెస్కులో పదిమందిమి కూర్చున్నా ఇంత చక్కగా కుదిర్చేవాళ్లం కాదు.

4. నుడికారం చేతికి దొరికితే మాటను విడదీయవద్దు.

లంచం ఇవ్వడాన్ని ఇంగ్లీషులో అరచేతికి జిడ్డు రాయడం అంటారు. పాతకాలపు వాడుకలో వాళ్లు పామాయిల్ అన్నా లంచమనే అర్థం ఉండేది. మనకు చెయ్యి తడపడం ఉంది. వాళ్లకు నూనె, మనకు నీళ్లు. తేడాను అలాగే ఉండనివ్వాలి. ఉత్త బెదిరింపు అని వచ్చినచోట 'తాటాకు చప్పుళ్లు' అని రాసిన రోజు నాకు భోజనం చేసినంత తృప్తి. ఇంగ్లీషు కాపీలో ఎక్కడా చెట్టు లేదు. మన వాక్యంలోకి మాత్రం మన చెట్టు నడిచొచ్చింది.

5. తెలుగు లిపికి పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. ఆ లోటును పక్కన ఒక మాట పెట్టి తీర్చండి.

ఇంగ్లీషులో పేరును క్యాపిటల్ అక్షరంతో మొదలుపెడతారు, బ్యాంకుల స్విఫ్ట్‌ను మొత్తం క్యాపిటల్స్‌లో రాస్తారు. తెలుగులో అన్నీ ఒకటే స్విఫ్ట్. పిట్ట స్విఫ్టే, గలివర్ కథ రాసిన జోనాథన్ స్విఫ్ట్ స్విఫ్టే, 2005లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి కారు స్విఫ్టే, పాటల టేలర్ స్విఫ్ట్ స్విఫ్టే. 2014లో యాపిల్ కంపెనీ తెచ్చిన ప్రోగ్రామింగ్ భాషకూ అదే పేరు, దాని గుర్తు కూడా ఆ పిట్ట బొమ్మే. 2004లో నాసా పంపిన ఒక టెలిస్కోపుదీ అదే పేరు. ఆకాశంలో ఎక్కడ మెరుపు మెరిసినా చటుక్కున అటు తిరుగుతుంది కాబట్టి దానికి ఆ పేరు తగింది.

కాబట్టి నేను కొత్త పిల్లలకు చెప్పేవాణ్ణి. 'స్విఫ్ట్ ఢీకొని ఇద్దరికి గాయాలు' అని రాయకు, 'స్విఫ్ట్ కారు ఢీకొని' అని రాయి. ఒక్క చిన్న మాటకు జాగా లేకపోవడం అంటూ ఉండదు.

ఇది పత్రికలకే పరిమితం కాదు. మా వీధిలో ఒకావిడ కొడుకు డాలస్‌లో ఉంటాడు. అమ్మకు వైద్యం కోసం డబ్బు పంపుతూ స్విఫ్ట్ కోడ్ అడిగాడు. ఆవిడ పాస్‌బుక్ మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చదివి చెప్పింది. అదీ 11 అక్షరాలూ అంకెలే, ఇదీ 8 గానీ 11 గానీ ఉంటుంది, రెండూ బ్యాంకు పేరుతోనే మొదలవుతాయి. ఎవరికి తెలుస్తుంది? ఒకటి మనదేశంలో శాఖల మధ్య నడిచే గుర్తు. రెండోది 1973లో బెల్జియంలో పెట్టిన సంస్థది, దేశాల మధ్య బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఏర్పాటు. పైగా అన్ని శాఖలకూ స్విఫ్ట్ కోడ్ ఉండదు. ఆవిడ రెండుసార్లు బ్యాంకుకు తిరిగొచ్చి కంటనీరు పెట్టుకుంటే నేను వెంట వెళ్లాను. కౌంటరులో అమ్మాయి ఒక చీటీ మీద కోడ్ రాసి, పైన 'విదేశాల నుంచి డబ్బు రావడానికి' అని తెలుగులో రాసి ఇచ్చింది. ఆ ఒక్క ముక్క మొదటిరోజే ఎవరైనా రాసిచ్చి ఉంటే ఆవిడ ఎండలో తిరిగేది కాదు. అర్థం చెప్పకుండా మాటను మనిషి చేతిలో పెట్టడం నాకు ఇప్పటికీ సహించదు.

6. కొన్నిసార్లు తప్పు అర్థమే కాపాడుతుంది. అదీ తెలిసి ఉండాలి.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు చొరబడ్డారు. స్విఫ్ట్ సందేశాల రూపంలోనే, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఆ దేశానికున్న ఖాతా నుంచి డబ్బు పంపమని 35 ఆదేశాలు పంపారు. మొత్తం 95 కోట్ల 10 లక్షల డాలర్లు. అందులో 5 ఆదేశాలు దాటిపోయాయి. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్ల డాలర్లు మాత్రం ఆగిపోయాయి. 'ఫౌండేషన్' అనే మాటలో అక్షరాలు తప్పు రాయడంతో మధ్యలోని బ్యాంకుకు అనుమానం వచ్చింది. మనీలాకు వెళ్లిన 8 కోట్ల 10 లక్షలు పోయాయి.

మిగతావి ఎందుకు ఆగాయో తెలిసినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. దొంగలు ఎంచుకున్న బ్యాంకు శాఖ మనీలాలో జూపిటర్ అనే వీధిలో ఉంది. ఇరాన్ మీద ఆంక్షల కింద అమెరికా పెట్టిన జాబితాలో ఒక నౌకా సంస్థ పేరులోనూ జూపిటర్ ఉంది. ఆ వీధికీ ఆ ఓడలకూ ఏ సంబంధమూ లేదు. మాట ఒకటే. అది చూసి వ్యవస్థ ఆదేశాలను పక్కన పెట్టింది. మనుషులు కూర్చుని చదవాల్సి వచ్చింది, మిగతా డబ్బు ఆగిపోయింది.

ఇరుగుపొరుగును చూడమని మొదటి పాఠంగా చెప్పినవాణ్ణి నేనే. ఆ రోజు ఆ యంత్రం ఇరుగుపొరుగును చూసి ఉంటే డబ్బంతా పోయేది. దీన్ని నా పాఠంలో ఎక్కడ ఇరికించాలో నాకు తెలియదు. ఇరికించకుండా పక్కన పెట్టి చెబుతున్నాను.

7. వేగానికి మనకున్నన్ని మాటలు వాడుకోండి.

ఇంగ్లీషు కాపీలో స్విఫ్ట్ అనగానే 'వేగంగా' అని రాసేసే అలవాటు నాకూ ఉండేది. ఏరు వేగంగా పారదు, బిరబిరా పారుతుంది. మనిషి చకచకా నడుస్తాడు, బండి రయ్యిన పోతుంది, పాము చర్రున జారుతుంది, పిల్లి చటుక్కున దూకుతుంది. పోలీసులు 'వేగంగా స్పందించారు' అన్నదాని కంటె 'వెంటనే వచ్చారు' అన్నది నిజానికి దగ్గర.

వడి అనే మాట దగ్గర కొంచెంసేపు ఆగండి. వడి అంటే వేగం. నూలుకు పెట్టే మెలికా వడే. ఛందస్సు చదివినవాళ్లకు యతికి కూడా వడి అనే పేరుంది. చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే స్విఫ్ట్ కింద ఇంకో అర్థం కనిపించింది: నూలు చిలపను తగిలించి గిరగిరా తిప్పుతూ కండెకు చుట్టుకునే చట్రం. వాళ్ల వేగమూ నూలు దగ్గరికే వెళ్లింది, మన వేగమూ నూలు దగ్గరికే వెళ్లింది. ఒకరినొకరు చూడని రెండు ఊళ్లలో సాలెవాళ్లు ఒకే చప్పుడు విన్నారన్నమాట. ఆ పేజీ మూల మడిచిపెట్టాను, ఇప్పటికీ ఆ మడత ఉంది.

8. మాటలే అక్కర్లేదన్నవాళ్లనూ చదవండి.

జోనాథన్ స్విఫ్ట్ డబ్లిన్‌లో పెద్ద చర్చికి అధిపతి. 1726లో గలివర్ యాత్రల కథ అచ్చువేశాడు. మనకు చిన్నప్పుడు చెప్పేది మరుగుజ్జుల కథే. మూడో యాత్రలో ఒక విద్యాపీఠం వస్తుంది. అక్కడి పండితులు మాటలతో ఊపిరితిత్తులు అరిగిపోతున్నాయని, మాటలన్నింటినీ ఎత్తివేయాలని తీర్మానిస్తారు. ఏ వస్తువు గురించి మాట్లాడాలో ఆ వస్తువునే మూటగట్టి వీపున మోసుకుపోవాలి. ఎదురుపడితే మూట విప్పి వస్తువులు చూపించుకోవాలి.

స్విఫ్ట్ వెక్కిరించడానికే రాశాడు. నేను తేగను చీల్చి మనవరాలికి చూపించినప్పుడు మాత్రం ఆ మూట గుర్తొచ్చింది. కొన్ని మాటలను ఒక్కసారైనా మూటగట్టి తెచ్చి ఎదుట విప్పాలి. తర్వాత మాట చాలు.

మన భాషలో కమ్మ అంటే తాటాకు. ఆకు మీద గంటంతో రాసి పంపేవారు కాబట్టి ఉత్తరమూ కమ్మే. ఆకును చుట్టి చెవి కంతలో దూర్చుకునేవారు కాబట్టి చెవికి పెట్టుకునే బంగారమూ కమ్మలే. మా అమ్మ చెవుల కమ్మలు తీసి మా చెల్లెలి పెళ్లికి ఇచ్చేసినప్పుడు, బోసి చెవులు కనపడకుండా తాటాకు చుట్ట పెట్టుకుంది. మాట ఎక్కడ మొదలైందో అక్కడికే ఆ చెవి తిరిగి వెళ్లింది. ఇది నిఘంటువులో చదివి తెలుసుకున్నదయితే ఇంతకాలం గుర్తుండేది కాదు.

9. ఆ పిట్ట.

మావైపు స్వాలో, స్విఫ్ట్ అనే తేడా పెట్టకుండా వానకోయిల అనేస్తారు. గీత మావయ్య మాత్రం దీన్ని తాటి పిట్ట అనేవాడు. శాస్త్రజ్ఞులు పెట్టిన కుటుంబం పేరుకు గ్రీకులో కాళ్లు లేనిది అని అర్థం. కాళ్లున్నాయి, మరీ పొట్టివి. కొమ్మ మీద కూర్చోలేదు, నిలువునా పట్టుకుని వేలాడుతుంది. తిండీ, తిరుగుడూ గాలిలోనే. యూరప్‌లో ఉండే దీని పెద్ద చుట్టం 10 నెలలపాటు దాదాపు కిందికి దిగకుండా ఎగురుతూనే ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 2016లో తేల్చారు. మన తాటి పిట్ట 13 సెంటీమీటర్లు ఉంటుంది. ఎండి వేలాడే తాటాకు కింది వైపున, ఈకలనూ దూదినీ ఉమ్మితో అతికించి గూడు పెడుతుంది. గుడ్లనూ ఉమ్మితోనే గూటికి అంటిస్తుంది. ఆకు గాలికి ఎంత ఊగినా గుడ్డు జారదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం వచ్చి వెళ్లాక, ముంజల కోసం చెరువుగట్టుకు పోయాను. ఎండుమట్ట ఒకటి విరిగి పడి ఉంది. పక్కన మట్టిలో బూడిదరంగు పిట్ట రెక్కలు చాపి బోర్లా ఉంది. ఒకటి రెండుసార్లు కొట్టుకుంది, లేవలేదు.

"మావా, చచ్చిపోతుందా?"

మావయ్య మోకు భుజాన వేసుకుని వచ్చి వంగి చూశాడు. "చావదురా బాబూ. నేల మీద నుంచి లేవడం దీనికి చేతగాదు. చెయ్యి చాపు."

రెండు వేళ్లతో తీసి నా అరచేతిలో పెట్టాడు. బరువే లేదు. గోళ్లు మాత్రం ముళ్లలా చర్మంలోకి దిగాయి. గుండె కొట్టుకుంటుంటే నా చెయ్యంతా అదురుతున్నట్టుంది. నల్లటి కన్ను, పక్కలకు చీలినట్టున్న నోరు. రెక్కలు ఒంటికంటె పొడుగు, కొడవలిలా వంగి ఉన్నాయి.

"ఇప్పుడు చెయ్యి పైకెత్తి ఊరుకో. విసరమాకు."

ఎత్తాను. అది కాసేపు అలాగే పట్టుకుని ఉంది. గోళ్లు వదిలింది. ముందు కిందికి జారింది, గట్టును రాసుకుంటూ పోయి, నీళ్ల మీద ఒంపు తిరిగి, తాళ్ల తలల మీదికి లేచింది.

మావయ్య విరిగిన మట్టను తిరగేశాడు. ఆకు మడతలో గవ్వంత గూడు. ఒక గుడ్డు చితికి ఉంది. రెండోది అంటుకునే ఉంది, తెల్లగా. ఆయన దాన్ని వేలితో ముట్టుకోలేదు. మట్ట కొసను నరికి చిన్నది చేసి, వీపున కట్టుకుని, కల్లుకుండతో పాటే చెట్టెక్కాడు. పైన పచ్చి మట్టల నడుమ దాన్ని దోపి నారతో కట్టి దిగాడు.

పొద్దు వాలేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. పిట్టలు గుంపులుగా వచ్చాయి, మట్టల కింద దూరాయి, మళ్లీ వచ్చాయి. వాటిలో మాది ఏదో గుర్తుపట్టలేకపోయాం.